నాలుగు రోజుల ఇల్లు

2018 డిసెంబరులో బాపును, అమ్మను విశాఖపట్నం తీసుకువెళ్లాను. హోటలు గదిలో అమ్మకు తోచదు, బయటి తిండి బాపుకు పడదు. అందుకని లాసన్స్ బే కాలనీలో, సముద్రం కనిపించే నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటును నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్నాను. మంచాలు, గ్యాసు పొయ్యి, కుక్కరు, గిన్నెలు అన్నీ అమర్చిన ఇల్లు. యజమానిని చూడనేలేదు. ఆయన ఫోనులో పంపిన అంకెలు తిప్పితే గుమ్మం పక్కనున్న చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో తాళంచెవి ఉంది.

డెబ్బై ఒకటో ఏట బాపు మొదటిసారి సముద్రం చూడబోతున్నాడు. మా బోధన్ వాళ్లకు సాగరమంటే మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగరమే. ఆ నీళ్లకు చెరకు పండింది, ఆ చెరకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీతో పాటు శక్కర్‌నగర్ వచ్చింది. నేను పుట్టింది అక్కడి క్వార్టర్‌లోనే.

ఎంతో ఉత్సాహంగా బాల్కనీ తలుపు తీశాను. బాపు చూపు సముద్రం దాకా పోలేదు, తలుపు బందుల దగ్గరే ఆగిపోయింది.

"ఉప్పు గాలికి ఇనుమంత తిన్నది, సూడు."

ముప్పై రెండేళ్లు మిల్లులో ఫిట్టరుగా చేసిన చేతులు మరి. అమ్మ దగ్గర కొబ్బరినూనె అడిగి తీసుకుని, దారంతో ఒక్కొక్క బందులోకీ చుక్కలుగా దింపాడు. కిర్రుమనడం ఆగింది. తరువాత కాగితం, కలం అడిగాడు. మంచాలు రెండు, కుర్చీలు నాలుగు, ఫ్యాన్లు మూడు, గంటెలు రెండు, పళ్లెం ఒకటి అంచు పగిలినది. ఇల్లంతా తిరిగి రాసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, కొంచెం విసుగూ కలిగింది. రోజుకు మూడున్నర వేలు కట్టింది పళ్లేలు లెక్క పెట్టుకోవడానికా!

రాత్రి జొన్నరొట్టెలు తిని బాల్కనీలో కూర్చున్నాం. దూరంగా చీకట్లో దీపాల వరుస.

"గా ఓడలెందుకు నిలవడ్డయిరా?"

"రేవులో చోటు దొరికేదాకా ఆగాలె బాపూ."

"అంటే కాంటా కాడ చెరుకు బండ్ల లెక్కనే."

క్రషింగ్ సీజనులో లాంతర్లు కట్టుకుని గేటు ముందు రాత్రంతా నిలబడే బండ్లు నాకూ గుర్తుకొచ్చాయి. ఆ తరువాత చాలాసేపు ఆయన సముద్రాన్నే చూశాడు. మేం విశాఖ వెళ్లేనాటికి, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించాక, బోధన్ మిల్లు ఆగిపోయి మూడేళ్లయింది.

మర్నాడు చీలమండల దాకా నీళ్లలో దిగాడు. గోడకు అంటించిన కాగితంలో ఇసుక పైకి తేవద్దని రాసి ఉందట, కింది కుళాయి దగ్గర మా అందరి కాళ్లూ కడిగించాడు.

నాలుగో రోజు పదకొండింటికి ఖాళీ చేయాలి. నేను స్నానం ముగించి వచ్చేసరికి అమ్మ ఊడుస్తున్నది, ఆయన తడిగుడ్డతో తుడుస్తున్నాడు. శుభ్రం చేయడానికి మనుషులు వస్తారని ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు తట్టింది నాకు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయినప్పుడు బాపు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. క్వార్టర్ ఖాళీ చేసిన రోజున కూడా వాళ్లిద్దరూ ఇలాగే కడిగారు. పెరట్లో జామచెట్టు పిందెలతో ఉంది. గుమాస్తా జాబితా పట్టుకుని వచ్చి, ఒక ఫ్యాన్ రెగ్యులేటరుకు మీట లేదన్నాడు. బాపు సైకిలు మీద బజారుకు పోయి కొత్తది తెచ్చి బిగించాకే సంతకం దొరికింది. ఆ రసీదు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. అప్పటినుంచీ అద్దె ఇళ్లే. సొంత ఇల్లు కడతానని నేనన్న మాట కూడా అప్పటిదే.

తాళం వేసి, చెవిని పెట్టెలో వేయబోతే ఆపాడు.

"ఎవరికియ్యకనే పోతమా? సామాన్లెవరు సూసుకుంటరు?"

"ఎవరూ చూడరు బాపూ, ఇక్కడ ఇంతే."

ఆయన జాబితా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తాళంచెవి పక్కన ఉంచాడు. కింద సంతకం, తేదీ. పెట్టె మూసి, అంకెలు చెరిపి, ఒకసారి లాగి చూశాడు.

బోధన్ చేరిన రెండో రోజు ఫోను చేశాడు. సముద్రం మాట కాదు. "తాళంచెవి ముట్టిందని వాళ్లేమన్న చెప్పిండ్రారా?"