తరువాయి వచ్చే సంచికలో

తిరువూరులో ఎవరైనా ప్రేమ నవల రాస్తానంటే నాకు ముందు గుర్తొచ్చేది యద్దనపూడి సులోచనారాణి. పుట్టింది కాజ గ్రామంలో. 2022లో జిల్లాలు విడిపోకముందు వాళ్లదీ మాదీ కృష్ణా జిల్లాయే. ఆమె నవల ‘సెక్రటరీ’ 1960ల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చాకే పుస్తకమైంది, 1976లో సినిమా అయింది.

ఆ వరుసే నన్ను ఆలోచింపజేస్తుంది. ఊహ రచయిత్రిదే. కానీ నాయిక జయంతి ఆత్మాభిమానం, నాయకుడు రాజశేఖరం హుందాతనం నెలనెలా ఎదురుచూసే పాఠకుల మధ్య పెరిగాయి. ప్రకరణం ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ తరం సీరియల్ రచయితల అసలు విద్య అని నా నమ్మకం. పుస్తకమయ్యాక అద్దె లైబ్రరీలో ఒక్క ప్రతే వీధంతా తిరిగేది. ఎన్ని వంటిళ్లలో చదివారో!

ఇప్పుడు డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, బెజవాడ ప్రెస్సు. చాలాసార్లు ఖర్చు రచయితదే. అచ్చు సులువైంది, ఎదురుచూసే పాఠకులే కరువయ్యారు.

ప్రేమ నవల రాస్తున్నవాళ్లారా, ప్రెస్సుకు పరుగెత్తకండి. ముందు ఒక్కో ప్రకరణం నలుగురికి చదివి వినిపించండి. తర్వాతేమైందని వాళ్లు అడిగితేనే అచ్చుకివ్వండి.