ఆకుపచ్చని వాంతి

అపెండిసైటిస్‌ను మన ఇళ్ళలో ‘24 గంటల నొప్పి’ అంటారు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు పొత్తికడుపులోకి దిగే ఆ బాధను పెద్దవారైతే వేలితో చూపించగలరు. పుట్టి 28 రోజులైనా నిండని శిశువుకు అదే వ్యాధి వస్తే చూపించేదెవరు?

అంత పసికందుకు వస్తుందని నిరుటి వరకు నేనెరుగను. మా అమ్మాయి పురుటికి బిలాస్‌పూర్‌లో, మోప్కాలోని మా ఇంటికి వచ్చింది. నెలలు నిండకుండానే మగబిడ్డ పుట్టాడు. పన్నెండవ రోజున పాలు మానేశాడు. పొట్ట ఉబ్బింది, ఒళ్ళు చల్లబడింది. బొడ్డుచుట్టూ ఇంగువ పట్టు వేయమని ఇరుగుపొరుగు తెలుగు రైల్వే కుటుంబాల పెద్దలు ఆప్యాయంగా సలహా చెప్పారు. సాయంత్రానికి ఆకుపచ్చని వాంతి అయింది. మా శ్రీమతి ఇక ఆగలేదు. తడిసిన గుడ్డతో సహా బిడ్డను ఆసుపత్రికి చేర్చాం.

డాక్టరుగారు ముందుగా ఆ గుడ్డనే పరిశీలించారు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్ జరిగాయి. ముక్కుగుండా గొట్టం వేసి పొట్ట ఖాళీ చేశారు, సెలైన్, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. వ్యాధి ఏమిటని అడిగాను. “లోపల చూస్తేగాని చెప్పలేను. చూడటానికి జాగు చేయకూడదు” అన్నారు. లోపం ఎక్కడో తేలనిదే యంత్రాన్ని విప్పవద్దని 30 ఏళ్ళుగా కుర్ర ఇంజనీర్లకు చెబుతున్నవాణ్ణి. అయినా అల్లుడితోపాటు నేనూ సరేనన్నాను. చిల్లుపడిన అపెండిక్స్‌ను తొలగించి కడుపు శుభ్రపరిచారు. మూడు వారాలకు బిడ్డ ఇంటికి వచ్చాడు.

తరువాత డాక్టరుగారు వివరించారు. నవజాత శిశువులో అపెండిక్స్ మూలం గరాటులా వెడల్పుగా ఉంటుంది. అందువల్ల అది సులభంగా మూసుకుపోదు, ఈ వ్యాధి బహు అరుదు. వస్తే మాత్రం, గోడ పలుచన కనుక త్వరగా చిల్లుపడుతుంది. పేగులపై కప్పే కొవ్వుపొర ఇంకా ఎదగనందున చీము కడుపంతా వ్యాపిస్తుంది. పేగు మెలిపడినా, పేగు కుళ్ళినా కనిపించే లక్షణాలు ఇవే. అందుకే చాలాసార్లు శస్త్రచికిత్సలోనే రోగనిర్ణయం జరుగుతుంది. పెద్దపేగులో నాడీకణాలు లోపించే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి దీనివెనుక దాగి ఉండవచ్చు కనుక, ఆ పరీక్ష కూడా చేస్తారు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. పసిబిడ్డ పాలు కక్కడం సహజం, ఆకుపచ్చగా వాంతి చేసుకోవడం సహజం కాదు. వ్యాధి పేరు తేల్చడం వైద్యుల పని. అర్ధరాత్రయినా వారి దగ్గరకు చేర్చడమే మన పని.