గాజుతొట్టిలో జగడాలమారి చేపలు

దమ్మపేట వారికి సముద్రము దూరపు చుట్టము. ఆయిలుపామ్ తోటల నడుమ అశ్వారావుపేట దాటి, జంగారెడ్డిగూడెము, కొవ్వూరుల మీదుగ గోదావరి గడచి, రాజమహేంద్రవరమున రైలెక్కినగాని విశాఖపట్టణము చేరలేము. మేము పోయినది కడలిని జూచుటకే. అయినను నన్నెక్కువ సేపు నిలిపినది మా అక్కయ్యగారి నడవలోని ఉప్పునీటి తొట్టి.

ఇట్టి వేడుక మనకు పూర్తిగ క్రొత్తది గాదు. చెన్నపట్టణపు సముద్రతీరమున 1909లోనే మత్స్యశాల వెలసినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడినది. కాని యింట నుంచుకొనుట వేఱు. ఆ తొట్టి ఆఱడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, లోతు. సుమారు 680 లీటర్ల నీరు. లీటరునకు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన యుప్పు కలుపవలెను. మన వంటయుప్పు పనికిరాదు.

అందు మూడు టాంగ్ చేపలు. తోకమొదట ఇరుప్రక్కల కత్తివంటి ముల్లుండుటచే ఆంగ్లేయులు వీనిని శస్త్రవైద్యుని పేర బిలుతురు. హవాయి దీవుల పసుపుపచ్చని దొకటి, ముదురునీలపు దొకటి. మూడవది మన హిందూమహాసముద్రపు పౌడర్ బ్లూ. ఆకాశవర్ణపు మేను, నల్లని మొగము, వీపున పచ్చని రెక్క! అందమెంతో కోపమంత.

మా చెఱువులోని కొర్రమీను పిల్లలను గాచుకొనునపుడు దగ్గఱకు వచ్చినదాని మీదికి దుముకును. ఈ చేప పోరు పిల్లలకొఱకు గాదు, మేతకొఱకు. పగలంతయు రాళ్లమీది నాచును గొఱుకుచు, తనవంటి యాకారము గలదానిని పాలివానిగ నెంచి తఱుమును. కడలిలో నోడినది పారిపోవును. గాజుగోడల నడుమ నెక్కడికి బోవును? పసుపుచేప రెక్కలు చినిగి, మేత ముట్టక, కడుపు లోపలికంటి యొకమూల దాగియుండెను. ఇట్టి బెదురు ముదిరినచో మేన తెల్లచుక్కల తెగులు పుట్టి ప్రాణమే పోవునట.

"నీవు దెబ్బలు తినుచున్నదానిని వేఱు చేయవా, అక్కయ్యా?" యని యడిగితిని.

"కాదు చెల్లీ, కొట్టుదానిని వేఱుచేయవలె" ననెను.

ఆమె పౌడర్ బ్లూను చిల్లుల పెట్టెలో నుంచి, ఆ పెట్టెను తొట్టిలోనే వ్రేలగట్టినది. లోపలి రాళ్ల యమరికను మార్చినది. దానితో దాని పాత సరిహద్దులు చెడిపోవును. ఎండబెట్టిన సముద్రపు నాచును తొట్టికి రెండుకొనల గట్టినది. అసలు మిక్కిలి కోపిష్ఠిని అన్నిటికంటె కడపట దింపుట మేలు. ముందు దిగినది తొట్టి యంతయు తనదే యనుకొనును. కొందఱు వెలుపల అద్దమానింతురు. తన నీడతో తానే పోరుచు, అది తక్కినవానిని కొంతసేపు మఱచును. నాకీ యుపాయము నవ్వు దెప్పించినది గాని, మందుగ దోచలేదు.

నాల్గవనాటి యుదయమున పసుపుచేప మెల్లగ వచ్చి నాచును గొఱికెను. పెట్టెలోనిది మాత్రము చిల్లుల కెదురుగ నిలిచి చూచుచునే యుండెను. ఆనాడే దుకాణదారు మఱియొక టాంగు వచ్చినదని కబురంపగా, మా బావగారు లేచి చొక్కా తొడుగుకొనుచుండిరి. అక్కయ్య తొట్టివంక జూపి, "ఆఱడుగులలో నాల్గవదానికి చోటు లేదు. పెద్దతొట్టి కట్టించిననాడు పొండు" అని తలుపు మూసినది.