కోడీ పట్టణంలో ఒక పాత వించెస్టర్

అంగడి యజమాని ఆ తుపాకీని గాజుబల్ల మీద పరచిన ఉన్నిగుడ్డపై ఉంచి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. బేరంలో చేయి తిరిగినవారి పద్ధతి అది. వస్తువును చూపి, తాము తప్పుకుంటారు. ఇరవై నాలుగు అంగుళాల గొట్టం, దాని కిందనే తూటాలు నిలవ ఉండే మరో సన్నని గొట్టం, వేళ్లు దూర్చి కిందికి లాగే ఇనుప లీవరు, ఎన్ని అరచేతుల రాపిడికో నునుపెక్కిన కొయ్య మడమ. ఆ మడమ మీద వరుసగా దిగగొట్టిన ఇత్తడి మేకులు. అది 1873 నమూనా వించెస్టర్ రైఫిల్. వెల రెండు వేల ఎనిమిది వందల డాలర్లు.

"నీ డెబ్బయ్యో పుట్టినరోజుకు నా కానుక, నాన్నా. నీకు నచ్చితే తీసుకుందాం" అన్నాడు మా అబ్బాయి.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఈ కోరిక వాడికి ఎలా తెలిసిందో చెప్పాలి. మా ఊరు మార్కాపురానికి పడమరగా, నల్లమల అడవి అంచున ఉంది. కోతల కాలంలో అడవిపందులు జొన్నచేలను దున్నేసి పోయేవి. అందుచేత మా నాన్నగారికి పంట రక్షణ లైసెన్సు మీద ఒక ఏకనాళ తుపాకీ ఉండేది. మూతి నుంచి మందు పోసి, కడ్డీతో దట్టించి పేల్చే రకం. వసారా గోడకు రెండు చిలక్కొయ్యల మీద అది అడ్డంగా ఉండేది. 1994 డిసెంబరు శాసనసభ ఎన్నికలకు ముందు, ఆనవాయితీ ప్రకారం ఆయన దానిని ఠాణాలో అప్పగించి వచ్చారు. తిరిగి తెచ్చుకోకముందే కన్నుమూశారు. లైసెన్సు ఆయనతోనే పోయింది. తుపాకీ మళ్లీ మా గడప తొక్కలేదు. ఖాళీగా మిగిలిన చిలక్కొయ్యలను చూస్తూ పెరిగిన మా అబ్బాయి, డెన్వర్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాక, వాటి మీద ఏదైనా పెట్టాలని సంకల్పించుకున్నాడు.

డెన్వర్ నుంచి ఉత్తరంగా బయలుదేరిన మేము ముందురోజు మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిని చూశాం. 1876 జూన్ 25న లకోటా, షయాన్ యోధులు కస్టర్ దళాన్ని తుడిచిపెట్టిన చోటు అది. గాలికి అలలెత్తే గడ్డి దిబ్బల మీద, సైనికులు పడిన చోట్ల తెల్లని పాలరాతి ఫలకాలు; 1999 నుంచి నెలకొల్పుతూ వచ్చిన ఎర్ర గ్రానైటు ఫలకాలు యోధులవి. 1983లో గడ్డి తగలబడి నేల బయటపడగా, తరువాతి రెండేళ్లలో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వకాలు జరిపారు. ఖాళీ తూటా తొడుగుల మీద తుపాకీ సూది చేసిన గుర్తులను పోల్చి, ఏ తుపాకీ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో గుర్తించారు. సైనికుల దగ్గర ఒక్కొక్క తూటా పెట్టి పేల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులుండగా, యోధులలో పలువురి చేతుల్లో హెన్రీ, వించెస్టర్ రైఫిళ్లు ఉన్నట్లు ఆ తొడుగులే సాక్ష్యం చెప్పాయి.

ఈ జ్ఞాపకం ఇంకా ఆరకముందే అంగడి యజమాని గొంతు తగ్గించి చెప్పాడు: ఇత్తడి మేకులతో అలంకరించడం మైదానపు ఇండియన్ తెగల అలవాటు; ఈ రైఫిలు ఆ యుద్ధంలో ఒక లకోటా యోధుని చేతిలో ఉండేదని దీనిని అమ్మినవారి ఇంట చెప్పుకునేవారు. కాగితమేదీ లేదు. కానీ నా చేయి అప్పటికే ఆ మడమ మీదికి వెళ్లింది.

ఆయన అనుమతితో లీవరును కిందికి లాగాను. లోపలి కీళ్లు ముడుచుకుని గడియ వెనక్కి వచ్చింది. గుర్రం దానంతట అదే ఎక్కుపెట్టుకుంది. లీవరును పైకి తెస్తే గడియ ముందుకు జరిగి గూడు మూసుకుంది. ఈ ఒక్క కదలికతోనే ఖాళీ తొడుగు బయటపడి, కొత్త తూటా గూట్లోకి చేరుతుంది. గొట్టంలో పదిహేను తూటాలు పడతాయి. ఒక్కొక్క గుండుకూ కడ్డీతో మందు దట్టించుకుంటూ మంచె మీద రాత్రంతా కూర్చున్న మా నాన్నగారు దీనిని చూస్తే ఏమనేవారో!

"తాతయ్యా, ఇది పేలుతుందా?" అని అడిగాడు ఆరేళ్ల మనవడు.

"నిక్షేపంగా పేలుతుంది" అన్నాడు యజమాని, గర్వంగా.

మర్నాటి వరకు గడువు అడిగి బయటికి వచ్చాం.

కోడీలో ఈ సందేహం తీర్చుకోవడానికి తగిన చోటు ఉంది. బఫెలో బిల్‌గా లోకమెరిగిన విలియం కోడీ పేర వెలసిన ఈ పట్టణంలోని బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్‌లో, ఒకే కప్పు కింద ఐదు మ్యూజియంలు ఉన్నాయి. వాటిలో ఒకటి పూర్తిగా తుపాకులది. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నుంచి వించెస్టర్ కంపెనీ సేకరణ 1970వ దశకంలో ఇక్కడికి చేరింది. దానితో కర్మాగారపు లెక్కల పుస్తకాలూ ఇక్కడికి వచ్చాయి.

చొక్కాల తయారీలో ధనం గడించిన ఆలివర్ వించెస్టర్ తుపాకుల వ్యాపారంలోకి దిగడం ఒక వింత. ఆయన కంపెనీ 1873 నమూనాను 1916 దాకా ఏడు లక్షలకు పైగా తయారు చేసింది. మొదట 50 డాలర్లున్న వెల 1882 నాటికి 25కు దిగింది. అడవిదున్నల మందలను తుడిచిపెట్టినది ఇదేనని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పనికి వేటగాళ్లు ఎక్కువగా వాడినవి షార్ప్స్ వంటి బరువైన, ఒంటి తూటా రైఫిళ్లు. వించెస్టర్ పశువుల కాపరులు, రైతులు, బండ్లవాళ్లు దగ్గర ఉంచుకున్న పనిముట్టు.

నిర్ణీత రుసుము చెల్లించి, అంగడిలో రాసుకున్న నంబరును రికార్డుల విభాగంలో ఇచ్చాం. జవాబు కొద్ది మాటల్లో వచ్చింది. ఆ నంబరు రైఫిలు గిడ్డంగికి చేరింది 1891లో. అంటే యుద్ధం ముగిసిన పదిహేనేళ్లకు! అంతేకాదు, కర్మాగారం నుంచి వెళ్లినప్పుడు దాని గొట్టం ఎనిమిది పలకలది; మేము చూసినది గుండ్రటిది. ఎప్పుడో ఎవరో గొట్టం మార్చారు. ఇక ఇత్తడి మేకులు ఎవరు, ఎప్పుడు కొట్టారో ఏ పుస్తకంలోనూ ఉండదు. కొన్నవారి పేరూ ఉండదు.

అక్కడే మరో రైఫిలు ముచ్చట తెలిసింది. 2014 నవంబరులో నెవాడాలోని గ్రేట్ బేసిన్ జాతీయ ఉద్యానవనంలో ఒక జునిపర్ చెట్టుకు ఆనించి ఉన్న 1873 వించెస్టర్ పురావస్తు బృందం కంట పడింది. మడమ బూడిద రంగుకు మారి, అడుగుభాగం మట్టిలో కూరుకుపోయి ఉంది. దానిని కోడీకి తెచ్చి భద్రపరిచే పని చేశారు. ఎక్స్‌రే తీస్తే మడమలోని అరలో ఒక తూటా కనిపించింది. 1882లో కర్మాగారం నుంచి వెళ్లిందని పుస్తకం చెప్పింది. చెట్టుకు ఆనించినదెవరో, తిరిగి ఎందుకు రాలేదో చెప్పలేదు. తిరిగి ఉద్యానవనానికి చేర్చినప్పుడు దానికి ఏ కథా అతికించలేదు.

ఇటువంటివి కొనేవారు ముందు ఏమి చూడాలో ఒక వృద్ధ సేకర్త మాకు ఓపికగా చెప్పాడు. గొట్టం లోపలి మెలికల చాళ్లు తుప్పుకు గుంటలు పడ్డాయా? మరల గాళ్లు చెదిరాయా? కొయ్యను చెక్కి మెరుగు పెట్టడం వల్ల అది ఇనుము కంటే లోతుగా దిగిందా? పాత నీలిఛాయ తుడిచి కొత్త రంగు పూశారా? పాత యంత్రంలో నేటి ఎక్కువ ఒత్తిడి తూటాలు వేస్తే ప్రమాదం. అన్నిటికంటే ముఖ్యం, తుపాకీని కొనాలే గాని కథను కొనరాదు అన్నాడు.

కథ పోయింది. మరి తుపాకీ? యజమానికి నంబరు సంగతి చెబితే వెల బాగా తగ్గించేవాడే. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో 1898లోగా తయారైనది పురాతన వస్తువు గనుక కొనడానికి పెద్ద చిక్కు లేదు. చిక్కంతా ఆ తరువాతనే. మన దేశానికి తేవాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. బాగుచేసినా పేలని పాత ఆయుధాలకే మినహాయింపు. అంటే వంద సంవత్సరాలు బతికిన యంత్రాన్ని నా గోడ కోసం చంపాలి. అలా కాక డెన్వర్‌లోనే ఉంచితే, ఆరేళ్ల పిల్లవాడున్న ఇంట్లో దానిని ఇనుపపెట్టెలో తాళం వేసి దాచాలి. పేలేదైతే గోడకు తగదు. గోడకు తగినదైతే అది తుపాకీ కాదు.

మర్నాడు ఉదయం అంగడికి వెళ్లి, మేము తెలుసుకున్నది దాచకుండా చెప్పి, తీసుకోవడం లేదన్నాను. యజమాని కాసేపు మౌనంగా ఉండి, వెల రాసిన చీటీ మీద "1891" అని చేర్చాడు. ఆ పెద్దరికం నాకు నచ్చింది.

ఎల్లోస్టోన్ వైపు కారు నడుపుతూ, "నీకు వెలితిగా ఉందా నాన్నా?" అన్నాడు అబ్బాయి.

అప్పుడు వాడికి ఇంతవరకు చెప్పని సంగతి చెప్పాను. నాన్నగారు ఠాణా నుంచి తెచ్చిన రసీదు నా బీరువాలో ఉంది. తుపాకీ నంబరు, తేదీ, వంకరగా ఆయన సంతకం. ఆ తుపాకీ ఏ రాత్రి ఏ చేనులో పేలిందో, ఎన్నిసార్లు గురి తప్పిందో, మందు తడిసి పేలని నాడు ఆయన మంచె మీద నుంచి డబ్బా వాయిస్తూ ఎంత కేకలు పెట్టారో నాకు తెలుసు. అంగడిలో ఉన్నది కథ లేని తుపాకీ. నా దగ్గర ఉన్నది తుపాకీ లేని కథ. ఒకదాని ఖాళీని మరొకదానితో పూరించబోయాం.

"ఆ మంచె సంగతి మొదటి నుంచి చెప్పు తాతయ్యా" అన్నాడు వెనక సీటులోంచి మనవడు.

ఎల్లోస్టోన్ తూర్పు ద్వారం ఇంకా గంట దూరం ఉంది. మొదలుపెట్టాను.