చేరినవారి లెక్క

జూన్ 26, 2024, బుధవారం, కోయంబత్తూరు

ఇవాళ ఒకే బ్యాచ్‌కి రెండు ఫారాలు నింపాను. చివరి సంవత్సరం పరీక్ష రాసినవారిలో ఎంతమంది పాసయ్యారని కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ అడుగుతుంది. మొదటి ఏడు ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది నిర్ణీత కాలంలో డిగ్రీ పూర్తిచేశారని ర్యాంకులు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ అడుగుతుంది. పిల్లలు వాళ్ళే, అంకెలు మాత్రం ఎంతో దూరం. మొదటిది నోటీసు బోర్డుకెక్కింది, రెండోది ఫైల్లో ఉండిపోయింది.

రెండో సెమిస్టర్‌లోనే మానేసిన కుర్రాడు, అటెండెన్స్ 75 శాతం రాక ఆగిపోయిన అమ్మాయి, అరియర్లు పేరుకుపోయి ఆఖరి పరీక్షదాకా రానివాళ్ళు, అందరూ ఆ రెండు అంకెల మధ్యే ఉన్నారు. నా ఉద్యోగమంతా ఆ మధ్య జాగాలోనే ఉందని నమ్ముతాను. అమెరికాలో ఇలాంటి లెక్క కోసం 1990 నాటి చట్టం ఉంది. అక్కడి రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలు, తొలిసారి పూర్తికాలం విద్యార్థులుగా చేరినవారిలో మూడేళ్ళలోపు ఎంతమంది కోర్సు ముగించారో బయటపెట్టాలి. ఆ లెక్క చూడడానికి చాలాచోట్ల విడిగా ఒక ఆఫీసే ఉంటుంది. ఇక్కడ కాలేజీ నాణ్యత చూసే ఐక్యూఏసీ గదిలో ఒక మూల, ఒక కంప్యూటరు, నేను.

ఆగస్టు 1, గురువారం

సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎస్సీలలో ఉపవర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని ఏడుగురు జడ్జీలలో ఆరుగురు చెప్పారు. ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన 2004 నాటి చిన్నయ్య తీర్పు దీంతో చెల్లదు. ఇక్కడ తమిళనాడులో ఎస్సీలకున్న 18 శాతంలో అరుంధతీయులకు 3 శాతం ఇచ్చిన 2009 చట్టం నిలబడింది. ఆఫీసు ఊడ్చే అక్క వార్త విని, "మా పాపకి సీటొచ్చింది దాంతోనే కదమ్మా" అంది. తెలుగులోనే అంది. ఈ ఊళ్ళో అరుంధతీయుల ఇళ్ళలో చాలాచోట్ల మాట తెలుగే.

మా ఇంటి మాటా తెలుగే. కానీ మా పీలమేడు కమ్మవారికి మిల్లులున్నాయి, మిల్లుల వెనక కాలేజీలున్నాయి. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదో వాటా ధర్మానికి ఇచ్చింది 1926లో. ఉక్కడం పారిశుధ్య కార్మికుల కాలనీలో పంచుకోవడానికి ఏ ఆస్తీ లేదు. భాష ఒకటైనంత మాత్రాన దారి ఒకటి కాలేదు.

తీర్పులో నా పనికి తగిలే మాట ఒకటుంది: వర్గీకరణ చేయాలంటే వెనకబాటుకు లెక్కల ఆధారం చూపాలి. మా అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎస్సీ, ఎస్సీఏ (అరుంధతీయులు) అని విడివిడిగా రాస్తాం. ఢిల్లీకి పంపే ఉన్నత విద్య సర్వే 'ఐష్' ఫారం దగ్గరికి వచ్చేసరికి రెండూ కలిపేయాలి, అందులో ఎస్సీకి ఒకటే గడి. ఇంటి భాషకైతే ఆ గడి కూడా లేదు. కలిపాక విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకని కలపకముందటి పట్టికను సంవత్సరాలవారీగా విడిగా దాస్తున్నాను.

ఆగస్టు 10, శనివారం

నిన్న గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీలో ముఖ్యమంత్రి 'తమిళ్ పుదల్వన్' ప్రారంభించారు. సర్కారు బడిలో చదివి కాలేజీకొచ్చిన అబ్బాయిలకు నెలకు 1000 రూపాయలు. అమ్మాయిలకు 'పుదుమై పెణ్' 2022 నుంచే ఉంది. ఉక్కడం ఫ్లైఓవర్ కూడా నిన్ననే తెరిచారు. వెయ్యి రూపాయలు ఫౌండ్రీ కూలికి సాటిరావు. బస్సుకీ, పరీక్ష ఫీజుకీ ఆసరా అవుతాయి, ఆ రెండింటికి డబ్బు లేకే మానేసినవాళ్ళు నాకు తెలుసు.

ఆగస్టు 24, శనివారం

మానేసినవారి ఇళ్ళకు ఫోన్లు. తమిళంలో మొదలుపెడితే "పనికి వెళ్తున్నాడు మేడమ్" అని పెట్టేస్తారు. రిజిస్టర్ చూసి ఊహించి, "ఏమ్మా, బాగుండారా?" అని తెలుగులో పలకరిస్తే మాట సాగుతుంది. గణపతి వైపు ఒకామె చాలాసేపు మాట్లాడింది. కొడుకు లేత్ పనికి పోతున్నాడట. చదువు ఇష్టంలేక కాదట. ఇంగ్లిష్ పాఠం అర్థంకాక, అడిగితే నవ్వుతారని వెనక బెంచీలో కూర్చుని, మెల్లగా రావడమే మానేశాడట. మా కంప్యూటర్‌లో అతని పేరుకెదురుగా కారణం 'వ్యక్తిగతం' అని ఉంది. ఆ మాట ఇంకెవరి పేరు ముందూ నేను రాయను.

సెప్టెంబర్ 15, ఆదివారం, మదురై

పెళ్ళికి వచ్చి, నాయకర్ మహల్ దగ్గర ఉండే రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ ఇంటికి వెళ్ళాను. రాజకంబళం వారు. తిరుమల నాయకుడి కాలం నుంచి ఇక్కడే ఉన్నామంటారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఏ కంప్యూటరూ లేని రోజుల్లో తన క్లాసు పిల్లలందరికీ చేతిరాత లెడ్జరు పెట్టారు. ఊరు, బస్సు, ఇంట్లో మొదటి డిగ్రీయా, ఏ నెలలో రావడం మానేశాడు, ఇప్పుడేం చేస్తున్నాడు, అన్నీ ఉన్నాయి.

"పొంగల్ సెలవుల తర్వాత చూసుకో అమ్మాయ్. మొదటి సెమిస్టర్ మార్కులు చేతికొచ్చి, ఊళ్ళో పని కనబడే కాలం అది. అప్పుడు రానివాడు మళ్ళీ రాడు" అన్నారు.

"మరి మీరేం చేసేవారు సార్?"

"బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయేవాణ్ణి."

ఇంత బాగా నడిపిన విద్యార్థుల పట్టిక నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. అనుమతి అడిగి కొన్ని పుటలు ఫోటో తీసుకున్నాను, పేర్లు కప్పి.

అక్టోబర్ 6, ఆదివారం

తడాగం రోడ్డులో గవర్నమెంట్ టెక్నాలజీ కాలేజీ మీదుగా వచ్చాం. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో అది మొదలుకావడం వెనక మన కోయంబత్తూరు పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు ఉన్నారు. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో చెప్పవచ్చని ఆయన పట్టుబట్టారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. రెండేళ్ళు చాలునా అన్నది ఇంజనీర్లు తేల్చాలి. నన్ను పట్టుకున్నది ఇంకోటి. నాలుగో సెమిస్టర్‌లో వెళ్ళిపోయేవాడి చేతిలో ఇవాళ ఏమీ ఉండదు. పాండిచ్చేరి యూనివర్సిటీ 1995లో, ఆ మరుసటి ఏడు మద్రాసులో పెట్టిన కమ్యూనిటీ కాలేజీలు ఇలాంటి పిల్లల కోసమే. తక్కువ కాలంలో ఒక పని నేర్పి, దానికో కాగితం చేతికిస్తాయి. లేత్ పట్టిన ఆ గణపతి అబ్బాయికి రెండేళ్ళ చదువుకు గుర్తింపు దక్కి ఉంటే కూలి పెరిగేది. ఇంకో కాలేజీ గుమ్మం ఎక్కే ధైర్యమూ ఉండేది.

నవంబర్ 18, సోమవారం

ప్రిన్సిపాల్ గారికి నోట్ ఇచ్చాను. శాతం ఏదైనా మొదటిరోజు చేరినవారి మీదే కట్టాలి. ఎస్సీఏ విడిగా చూపాలి. మానేసిన కారణం ఇంటివాళ్ళ నోటినుంచి రాయాలి. పొంగల్ తర్వాత రెండు వారాలు రానివారి ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళాలి.

మీటింగులో ఒకరు, "అంకె పడిపోతుంది, అడ్మిషన్లు తగ్గుతాయి" అన్నారు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. సెల్ఫ్ ఫైనాన్స్ సెక్షన్లలో జీతాలు అడ్మిషన్ల మీదే నడుస్తాయి. కానీ ఫీజు కట్టించుకున్న రోజున ఆ పిల్లవాడు మనవాడైనప్పుడు, వెళ్ళిపోయిన రోజున కాకుండా ఎలా పోతాడని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. కొత్త పట్టిక నోటీసు బోర్డు మీద వద్దన్నారు, స్టాఫ్ కౌన్సిల్ ముందు పెట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఇంటికి వెళ్ళే పని జనవరిలో రెండు డిపార్ట్‌మెంట్లు చేస్తాయి. 2021లో చేరినవారి నామినల్ రోల్ సాయంత్రం నా బల్లమీదికి వచ్చింది. రేపు బీకాం ఏ సెక్షన్‌తో మొదలుపెట్టాలి. తెలుగు వచ్చిన స్టాఫ్ ఇంకెవరున్నారో కనుక్కోవాలి.