గ్రిఫిన్ తల, కార్ఖానా సుత్తె

మేముండేది స్వీడన్ దక్షిణపు కొసన, మాల్మోలో. ఓరెసుండ్ వంతెన దాటితే డెన్మార్కే. మే నెలలో ఊరు దాటి వెళితే పసుపు ఆరబోసినట్టు చేలు పూసి ఉంటాయి. ఆ చదును నేల పేరు స్కోనె. దాని చిహ్నం గీసుకురమ్మని నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బళ్లో పని ఇచ్చారు.

ఇలాంటి పాత సీమలు స్వీడన్‌లో 25 ఉన్నాయి. 1634లో జిల్లాలు ఏర్పడ్డాక వీటికి పాలనతో పని లేకుండా పోయింది. రాయలసీమకు కలెక్టరు లేడు కదా, అయినా కడప మనిషి తనది సీమే అంటాడు. ఇదీ అంతే. 1560లో గుస్తావ్ వాసా రాజు అంతిమయాత్రలో సీమకొక జెండా నడిచింది. చాలా చిహ్నాలు అప్పుడు పుట్టినవే. వాటిలో స్కోనె లేదు, అప్పటికది డెన్మార్క్ నేల. 1658లో రోస్కిల్డె ఒప్పందంతో స్వీడన్ చేతికొచ్చింది. అలా గెలుచుకున్న రాజు 1660లో పోయినప్పుడు ఈ సీమకూ ఒక జెండా కావలసి వచ్చింది. మాల్మో నగరానికి 1437లో డెన్మార్క్ రాజు ఎరిక్ ఇచ్చిన గ్రిఫిన్ తలనే తీసుకున్నారు. గద్ద ముక్కున్న కల్పిత జంతువు అది. బంగారు రంగు మీద ఎర్రటి తల, దానికో కిరీటం. ఏలిక మారినా బొమ్మ పాతదే నిలిచింది.

అమ్మాయి రంగులు వేస్తుంటే నా మనసు దత్తమండలం మీదికి పోయింది. ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో బళ్లారి, అనంతపురం, కడప వైపు నేలను కంపెనీకి రాసిచ్చాడు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు పెట్టేదాకా దాన్ని దత్తమండలమనే పిలిచారు. ఆ సైన్యం విడిది చేసిన చోటే 1806లో సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ అయింది. నేను పుట్టిన కార్ఖానా ఆ కంటోన్మెంటులోదే. కడప రైతు కట్టిన శిస్తుకూ మా వీధికీ ఇంత దగ్గర చుట్టరికమని ఇంత దూరం వచ్చాక గానీ నాకు తట్టలేదు. తెలిశాక ఆ రైతులకు బాకీ ఉన్నట్టే అనిపిస్తోంది.

"మన ఊరి బొమ్మ ఏది?" అంది అమ్మాయి. కాకతీయ తోరణం, అందులో చార్మినార్ ఉన్న తెలంగాణ చిహ్నం చూపించాను. "అది రాష్ట్రానిది. నేనడిగింది కార్ఖానాది."

అమ్మకు ఫోన్ కలిపాను. కార్ఖానా అంటే ఫారసీలో పని జరిగే ఇల్లని మనవరాలికి నేను చెబుతుంటే అమ్మ మధ్యలోనే అందుకుంది. "అయితే సుత్తె గియ్యి బిడ్డా. పనిల్లంటే సుత్తె సప్పుడే గదా."

ఎర్రటి నేల మీద నల్లటి సుత్తె గీసింది. ఇక్కడి సీమల చిహ్నాలన్నిటి పైనా డ్యూక్ కిరీటం ఉంటుంది. "సుత్తెకు కూడా పెట్టొచ్చా నాన్నా?" అనడిగింది.

పెట్టమన్నాను. బంగారు రంగు పెన్సిల్ నేనే చెక్కి ఇచ్చాను.