మ్యాట్ రంగు మెరిసిందంటే

28 మిల్లీమీటర్ల బొమ్మ మీద మ్యాట్ అక్రిలిక్ రంగు ఆరాక కూడా నూనె రాసినట్టు మెరుస్తుంటే, కారణం చాలాసార్లు సీసా అడుగున ఉంటుంది. మెరుపును చంపేది రంగులో కలిపే సిలికా వంటి సన్నని పొడి. సీసా కదలకుండా ఉంటే అది అడుక్కి దిగిపోతుంది. పైన మిగిలేది ఎక్కువగా అక్రిలిక్ జిగురే, ఆరి మెరిసేది అదే. పైపైన ఊపితే చాలదు, పుల్లతో అడుగుదాకా కలపాలి.

పసుపు గొడవ వేరు. ఒక్క పూతకు అడుగు రంగును కప్పదు. విసుగొచ్చి దట్టంగా పూస్తే ముక్కూ కళ్లూ పూడిపోతాయి (కష్టమంతా వాటి కోసమే కదా!). కాసిని నీళ్లు కలిపి రెండు మూడు పలచటి పూతలు వేయడమే దారి.

ముసురు పట్టిన రోజున మాత్రం మ్యాట్ వార్నిష్ స్ప్రే జోలికి పోవద్దు. గాలిలోని తేమకు బొమ్మంతా తెల్లటి పొర కమ్ముతుంది.